ఫార్మాట్ కొట్టించే ముందు

కరోనా ఏడాదిలో పిల్లల చదువు కోసం హడావిడిగా కొన్న కంప్యూటర్లు పటేల్‌గూడ, కిష్టారెడ్డిపేట, బీరంగూడ కాలనీల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. 2020 సెప్టెంబర్ 1న దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో సర్కారు బడుల పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడులు అప్పటికే జూమ్ బాట పట్టాయి. పాఠాల కోసం వచ్చిన ఆ మెషీన్‌లోకి తర్వాత ఇంటి కాగితాలన్నీ ఒక్కొక్కటిగా చేరాయి: పాశమైలారం కంపెనీ జీతం స్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్, ప్లాటు ఈసీ, ఎల్‌ఆర్‌ఎస్ రసీదు, మీసేవ సర్టిఫికెట్లు, అక్క పెళ్లి వీడియో. ఇప్పుడు సి డ్రైవ్ పక్కన గీత ఎర్రబడింది. షాపుకు తీసుకెళ్తే చాలాసార్లు వినబడే మాట ఒకటే: "ఫార్మాట్ కొట్టిస్తే కొత్తదాని లెక్క అయితదన్నా."

అయితది, నిజమే. కానీ దానితోపాటు ఏం పోతుందో అడిగేవాళ్లు తక్కువ.

డిస్కులో ఉన్నవి రెండే రకాలు. కంప్యూటర్ తన పని కోసం తానే తయారుచేసుకున్నవి కొన్ని. మనం తయారుచేసినవి, మనం తెచ్చి పెట్టుకున్నవి కొన్ని. మొదటి రకం పోతే మెషీన్ మళ్లీ చేసుకుంటుంది, లేదా ఇంటర్నెట్ నుంచి దింపుకుంటుంది. రెండో రకంలో కొన్ని పోతే ఈ భూమ్మీద ఇంకెక్కడా దొరకవు. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి తలకిందులు. సిస్టం ఫైళ్లంటే భయపడి వాటి జోలికి పోం. డాక్యుమెంట్లు, ఫోటోలు మాత్రం చోటు కోసమని ఎడాపెడా తీసేస్తాం.

ముందు చోటు లెక్క చూద్దాం. 256 గిగాబైట్ల డిస్కు అని కొంటే విండోస్ 238 అనే చూపిస్తుంది. మిగతా 18 ఎవరూ మింగలేదు. డిస్కు తయారుచేసేవాళ్లు గిగాబైటంటే సరిగ్గా వంద కోట్ల బైట్లని లెక్కగడతారు. విండోస్ 1024ను మూడుసార్లు గుణించి, 107 కోట్ల పైచిలుకు బైట్లను ఒక గిగాబైటంటుంది. సరుకు ఒకటే, కొలత వేరు. ఇక ఫైళ్ల బరువు. ఈసీ, జీతం స్లిప్పు లాంటి పీడీఎఫ్‌లు ఎక్కువగా కిలోబైట్లలోనే ఉంటాయి. ఫోన్‌తో 4కెలో తీసిన ఒక్క నిమిషం వీడియో వందల మెగాబైట్లు తింటుంది. అంటే బోనాల ఊరేగింపు వీడియో ఒక్కటి తీసేస్తే ఖాళీ అయ్యేంత చోటు, పదేళ్ల జీతం స్లిప్పులన్నీ తీసేసినా రాదు. చోటు కోసం కాగితాలు తీసెయ్యడం వల్ల దమ్మిడీ లాభం లేదు.

కంప్యూటర్ పోగేసుకునే చెత్త సంగతికొస్తే, అందులో పెద్ద భాగం టెంప్ ఫైళ్లు. వర్డ్‌లో ఏదైనా రాస్తున్నప్పుడు, ఏదైనా సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నప్పుడు ప్రోగ్రాం తాత్కాలికంగా కొన్ని ఫైళ్లు రాసుకుంటుంది. పని అయ్యాక వాటిని అదే తీసెయ్యాలి. మధ్యలో కరెంటు పోతే ఆ తీసేసే వరస దాకా ప్రోగ్రాం చేరదు, ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో, ఎండాకాలం కరెంటు కోతల్లో, ఇవి పోగుపడటం ఖాయం. బ్రౌజర్ దాచుకునే కాష్ వేరే సంగతి. ఒకసారి చూసిన సైటు బొమ్మల్ని రెండోసారి నెట్ నుంచి తేకుండా డిస్కులోంచే చూపించడానికి దాచుకుంటుంది. దాన్ని రోజూ తుడిస్తే కంప్యూటర్ వేగం పెరగదు, పైగా సైట్లు మెల్లగా తెరుచుకుంటాయి, డేటా ఎక్కువ ఖర్చవుతుంది.

అన్నిటికంటే లావైనది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది గనక చాలామంది 11కు మారారు. అలా మారినప్పుడు పాత విండోస్ మొత్తాన్ని ఈ ఫోల్డర్‌లో పెడతారు. కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి 10 రోజుల గడువుంటుంది, ఆ తర్వాత సిస్టమే దాన్ని తీసేస్తుంది. తొందరైతే ముందే తీసెయ్యొచ్చు, కానీ వెనక్కి వెళ్లే దారి మూసుకుపోతుంది. మెషీన్‌ను నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లో ఉన్నదంతా రాసిపెట్టుకునే హైబర్నేషన్ ఫైలు మరొకటి. మామూలుగా అది ర్యామ్‌లో దాదాపు 40 శాతం ఉంటుంది. 8 జీబీ ర్యామ్‌కు 3 జీబీ పైనే.

విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్‌ను చూసి మాత్రం కంగారు పడొద్దు. విండోస్ తన విడిభాగాలన్నీ దాచుకునే చోటది. పదుల జీబీలు కనబడి గుండె గుభేలుమంటుంది. కానీ అందులోని చాలా ఫైళ్లకు డిస్కులో ఉన్నది ఒక్క ప్రతే. పేర్లు మాత్రం రెండు చోట్ల నమోదై ఉంటాయి. దీన్ని హార్డ్ లింక్ అంటారు. ఫోల్డర్ సైజు లెక్కగట్టేటప్పుడు ఒకే ఫైలును రెండుసార్లు కూడుతుంది గనక అసలు కంటే ఎక్కువ కనబడుతుంది. దాన్ని చేత్తో తీసేస్తే విండోస్ లేవకపోవచ్చు.

ఈ మొదటి రకం చెత్తకు విడిగా సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో సిస్టం, అందులో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిస్తే ఏది ఎంత ఉందో కనబడుతుంది, టిక్కు పెట్టి తీసెయ్యొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఉంటుంది. పేరేమో టెంపరరీ ఫైల్స్. లోపల ఉన్నదేమో మీసేవ నుంచి దింపిన కులం సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్ శాఖ సైటు నుంచి తీసిన ఈసీ. అన్నిటికీ టిక్కు కొట్టేసే అలవాటున్న చేతికి ఇది ప్రమాదం.

తయారుచేసినవాళ్ల చేతిలోనే ఇలాంటి పొరపాటు జరిగింది. 2018 అక్టోబర్ మొదట్లో మైక్రోసాఫ్ట్ వదిలిన విండోస్ 10 అప్‌డేట్‌లో ఖాళీగా, రెండోసారి ఉన్న డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను తొలగించే ఏర్పాటు ఒకటి పెట్టారు. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చుకున్న కొందరి కంప్యూటర్లలో పాత ఫోల్డర్ ఖాళీగా లేదు, అందులో అసలు ఫైళ్లున్నాయి. అప్‌డేట్ వాటిని తుడిచేసింది. ఫిర్యాదులు రావడంతో కొద్దిరోజుల్లోనే పంపిణీ ఆపేసి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ వదిలారు. ఏది అక్కర్లేనిదో నిర్ణయించే పనిని పూర్తిగా మెషీన్‌కు వదిలిపెట్టకూడదని నేననేది ఇందుకే.

బయటి క్లీనర్లతో ఇంకో ముప్పుంది. సీక్లీనర్ ఎంతో పేరున్న సాఫ్ట్‌వేర్, మన షాపుల్లోనూ వాడతారు. 2017 ఆగస్టులో దాని 5.33 వెర్షన్‌లోకి, కంపెనీ సర్వర్ దగ్గరే, దొంగ కోడ్ చొరబడింది. కంపెనీ సంతకంతోనే వచ్చింది గనక ఎవరికీ అనుమానం రాలేదు. నెల రోజుల తర్వాత బయటపడేసరికి దాదాపు 22 లక్షల 70 వేల మంది దాన్ని ఎక్కించుకున్నారు. చెత్త ఊడవడానికి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌కు డిస్కులో ప్రతి మూలకూ వెళ్లే అధికారం ఇస్తాం. అది చెడితే చెరుపు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. రిజిస్ట్రీ క్లీనర్లయితే అసలే వద్దు. వాటి వాడకాన్ని మైక్రోసాఫ్టే సమర్థించదు.

ఇక రెండో రకం, మనవి. ఇక్కడ పని చెయ్యాల్సింది మనమే, ఓపికగా. డౌన్‌లోడ్స్‌లో ఈసీ, ఈసీ (1), ఈసీ (2) అని ఒకే కాగితం వరసగా ఉంటుంది. ఒకే ఫైలు మళ్లీ దిగిందా, వేరే తేదీ ఈసీయా అనేది పేరు చెప్పదు. ఇందుకు కంప్యూటర్ శాస్త్రంలో హ్యాష్ అనే పద్ధతుంది. ఫైలులోని బైట్లన్నిటినీ ఒక సూత్రంలో నడిపిస్తే ఒక పొడుగాటి సంఖ్య వస్తుంది. ఒక్క బైటు మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. రెండు ఫైళ్ల హ్యాష్ ఒకటే అయితే అవి అచ్చంగా ఒకటే. డూప్లికేట్లు వెతికే సాఫ్ట్‌వేర్లు చాలావరకు చేసేది ఇదే. కానీ వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో దారిలో కుదించుకుపోతుంది గనక దాని హ్యాష్ అసలు ఫోటోతో కలవదు. మన కంటికి రెండూ ఒకటే, సాఫ్ట్‌వేర్‌కు వేరు. అందులో సైజు పెద్దగా ఉన్నదే అసలుది. చిన్నది చూసి, ఇది ఉందిగదా అని పెద్దదాన్ని తీసేస్తే రేపు ఫ్రేము కట్టించేటప్పుడు బొమ్మ మసకబారుతుంది.

తెలుగువాళ్ల కంప్యూటర్లకు ప్రత్యేకమైన చిక్కు ఇంకోటుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉన్నా, మన డీటీపీ సెంటర్లు ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని చేశాయి. ఆ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలుండాల్సిన చోట తెలుగు అక్షరాల ముక్కలు కూర్చుంటాయి. ఫైలులో ఉన్నది నిజానికి ఇంగ్లిష్ గుర్తులే. వాటిని తెలుగుగా చూపించేది ఫాంట్. ఫార్మాట్ కొట్టించి ఫాంట్ పోగొట్టుకుంటే, తాతగారు టైపు చేయించుకున్న జ్ఞాపకాలు, సంఘం తీర్మానాలు, పెళ్లి పత్రికలు, అన్నీ అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల వరసలవుతాయి. ఫైలు చెక్కుచెదరకుండా ఉన్నా చదవలేం. అలాంటివుంటే ముందే పీడీఎఫ్ చేసుకోవాలి, వీలైతే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.

సినిమాలు, పాటలు, సాఫ్ట్‌వేర్ సెటప్ ఫైళ్లు నిర్భయంగా తీసెయ్యండి, మళ్లీ దొరుకుతాయి. పాత తెలుగు పుస్తకాల స్కానుల దగ్గర నేను కొంచెం తటపటాయిస్తాను. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు నుంచి వేల పుస్తకాలు దింపుకున్న పాఠకులు మనలో ఉన్నారు. కొన్నేళ్లకు ఆ సైటే మూతపడింది. చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మిగిలాయి గనక బతికిపోయాం. నెట్‌లో ఉందిలే అనుకున్నది ఎల్లకాలం ఉండదు.

పోతే తిరిగి రానివాటికి రెండో ప్రతి ఉండాలి, అదీ వేరే చోట. ఈ జాగ్రత్త పక్కనే కనబడుతుంది. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ తన జన్యు నిధిలోని జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నకళ్లను నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారానికి పంపి దాచింది. ఇంటికి అంత దూరం అవసరం లేదు. ఒక బయటి హార్డ్ డిస్కు, దాని తోడు డిజిలాకర్‌లోనో క్లౌడ్‌లోనో ఇంకో ప్రతి. బయటి డిస్కును ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే కరెంటు దెబ్బకు రెండూ ఒకేసారి పోవచ్చు.

ఇంతకీ డిలీట్ అంటే ఏం జరుగుతుంది? విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి ఫైలుకూ ఒక పెద్ద పట్టికలో నమోదు ఉంటుంది: పేరు, తేదీ, డిస్కులో ఎక్కడెక్కడుందో. రీసైకిల్ బిన్‌లో వేసినప్పుడు ఫైలు పేరు మారుతుందంతే, చోటు అంగుళం కూడా ఖాళీ కాదు. బిన్ ఖాళీ చేస్తే పట్టికలో ఆ నమోదు వాడుకలో లేదని గుర్తు పడుతుంది, ఆ చోటు వేరేవాళ్లకు ఇవ్వొచ్చని రాసుకుంటుంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన చేలో పంట మాయం కాదు గదా, పాత హార్డ్ డిస్కులో ఫైలు కూడా అంతే. దానిమీద ఇంకేదైనా రాసేదాకా అక్కడే ఉంటుంది. అందుకే పొరపాటున ముఖ్యమైనది పోతే ఆ క్షణమే కంప్యూటర్ వాడకం ఆపాలి. డిస్కు తీసి వేరే మెషీన్‌కు తగిలించి, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వెతికిస్తే చాలాసార్లు దొరుకుతుంది.

ఎస్ఎస్‌డీ అయితే ఆ ఆశ పెట్టుకోవద్దు. అందులో రాసిన చోటే నేరుగా మళ్లీ రాయడం కుదరదు. ముందు చెరపాలి, అదీ చిన్న పేజీగా కాదు, పెద్ద బ్లాకుగా. తర్వాత రాతలు ఆలస్యం కాకుండా, ఫలానా చోటు ఇక అక్కర్లేదని విండోస్ డిస్కుకు ముందే చెబుతుంది. 2009లో వచ్చిన విండోస్ 7 నుంచీ ఉన్న ఈ ఆదేశం పేరు ట్రిమ్. అది అందాక డిస్కు తన తీరికలో ఆ బ్లాకుల్ని నిజంగానే చెరిపేస్తుంది. ఎస్ఎస్‌డీని అంచుదాకా నింపకూడదన్నదీ ఇందుకే. సర్దుకోవడానికి ఖాళీ బ్లాకులు లేకపోతే ఒక్క చిన్న రాతకు ఎన్నో పేజీలు అటూ ఇటూ మార్చాల్సొస్తుంది. పదిహేను శాతం ఖాళీ ఉంటే చాలు. అంతకు మించి ఎంత ఊడ్చినా వేగం పెరగదు. పాత తిరిగే డిస్కుతో కుంటుతున్న మెషీన్‌కు కావల్సింది ఫార్మాట్ కాదు, ఎస్ఎస్‌డీ. లేదా ఇంకాస్త ర్యామ్.

చివరికి పాతదాన్ని సికింద్రాబాద్ సీటీసీలోనో ఇంకెక్కడో అమ్మేద్దామనుకుంటే, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇన్నాళ్లూ పోకూడదనుకున్నవి ఇప్పుడు పూర్తిగా పోవాలి. సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలత్ అనే ఇద్దరు పరిశోధకులు 158 సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్కులు కొని చూసి 2003లో ఫలితాలు ప్రచురించారు. పనిచేస్తున్న 129లో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5 వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు దొరికాయి. వాటిలో చాలావాటిని అమ్మినవాళ్లు ఫార్మాట్ కొట్టే అమ్మారు. మామూలు ఫార్మాట్ పట్టికనే కొత్తగా రాస్తుంది, లోపలి సరుకును ముట్టుకోదు. విండోస్‌లో రీసెట్ దిస్ పీసీ నొక్కి, అన్నీ తీసెయ్యమని చెప్పి, సెట్టింగులు మార్చే చోట క్లీన్ డేటా అన్న మీట ఆన్ చెయ్యాలి. హార్డ్ డిస్కుకు గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోవచ్చు. డిస్కు పాడై అసలు తెరుచుకోకపోతే, దాన్ని మాత్రం విప్పి ఇంట్లోనే ఉంచుకుని మిగతా మెషీన్ అమ్మండి.