రాణిగారి నక్షత్రము – నిజామువారి సందేహము

ఇంగ్లండు రాజుల గార్టరు శ్రేణి పదునాలుగవ శతాబ్దమునఁ బుట్టి నేఁటికిని నిలిచియుండఁగా, అదే సింహాసనము మనదేశముకొఱకుఁ గల్పించిన ‘స్టార్ ఆఫ్ ఇండియా’ యను నైట్ల శ్రేణిలో నియామకములు నిండ నూఱేండ్లయినను సాగలేదు. 1857 నాఁటి తిరుగుబాటు చల్లారి, కుంఫిణీ తొలఁగి, రాణి ప్రభుత్వము దేశమును నేరుగాఁ జేపట్టిన పిదప, విశ్వాసము నిలుపుకొన్న సంస్థానాధీశులను సింహాసనమునకు మఱింత బిగువుగాఁ గట్టివేయవలెనను నాలోచన ప్రబలమయ్యెను. భూము లిచ్చుటకంటె నక్షత్రము నిచ్చుట చౌక గదా! 1861 ఫిబ్రవరి 23వ తేదీన విక్టోరియా మహారాణి యీ శ్రేణిని స్థాపించెను. మొదట దీనియందు 25 మందికి మాత్రమే చోటు.

దీని రూపకల్పనలో రాణియు, ఆమె భర్తయైన ఆల్బర్టును స్వయముగాఁ బాల్గొనిరి. యూరపు రాజ్యములలో నైట్ల శ్రేణి కొక శిలువయో, పునీతుని పేరో యుండుట పరిపాటి. హిందువులును మహమ్మదీయులును ధరింపవలసిన దానియం దవి పొసఁగవు గనుక, శిలువ యుండవలసిన చోట నైదు కోణముల నక్షత్రము వెలసినది. పునీతుఁ డెవ్వఁడును లేఁడు. ‘స్వర్గజ్యోతియే మాకు మార్గదర్శి’ యను నర్థము గల యాంగ్లవాక్యము ధ్యేయవాక్యమైనది. వజ్రములు పొదిగిన యా నక్షత్రమునకు దిగువ సులేమాని రాతిపైఁ జెక్కిన రాణి ముఖబింబము వ్రేలాడును. భుజముపైఁ దెల్లని యంచుల లేతనీలి పట్టుపట్టీ, దానిపై నీలి పట్టు ప్రావారము, మెడలో బంగారు హారము. ఆ హారమున మన పద్మములును, తాళశాఖలును, ఇంగ్లండువారి యెఱ్ఱ తెల్ల గులాబులును వరుసగాఁ గూర్పఁబడినవి. శాసనపత్రములలోని గంభీరవాక్యములకంటెఁ బద్మమును గులాబితో గొలుసుకట్టిన యా హారమే యీ శ్రేణి యుద్దేశమును నిస్సంకోచముగాఁ జెప్పుచున్నదని నా యభిప్రాయము.

1861 నవంబరు 1వ తేదీన నిటు అలహాబాదునను, అటు విండ్సరు కోటయందును ఒకేదినమున ప్రదానోత్సవములు జరిగెను. అలహాబాదులో వైస్రాయి కానింగు ప్రభువు చేతులమీఁదుగా నక్షత్రము నందుకొన్నవారిలో సింధియా, పటియాలా మహారాజు, రాంపూరు నవాబులతోపాటు భోపాలు పాలకురాలు సికందరు బేగమును గలదు. విండ్సరులో దానిని ధరించిన ఆల్బర్టు, ఆఱువారములు దాటినంతనే, డిసెంబరు 14న మరణించెను.

హైదరాబాదున మాత్రము వ్యవహార మంత సులభముగా సాగలేదు. వినుకొండ సీమతోఁ గూడిన గుంటూరు సర్కారును 1788లో నాంగ్లేయుల వశము చేసిన నిజాముల వంశమువారికి, ఆ స్నేహమునకుఁ జెల్లింపవలసిన మూల్య మెంతో తెలియనిది కాదు. 1857లో తిరుగుబాటుదారుఁడు తుర్రెబాజుఖాను ఆంగ్లేయుల రెసిడెన్సీపై దాడిచేసినపుడు దివాను సాలారుజంగు ఆంగ్లేయుల పక్షమే వహించినందున, 1860 నాఁటి సంధితో నిజాము తీర్పవలసిన 50 లక్షల రూపాయల ఋణము రద్దయ్యెను. రాయచూరు దోఆబు తిరిగివచ్చెను. షోరాపురము క్రొత్తగాఁ జేరెను. ఇంత భూమి వెంట నక్షత్రమును వచ్చినది.

అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా దానిని వెంటనే ధరింప నుత్సహింపలేదు. పరదేశపు వేషమును దాల్చుట యిచ్చటివారికి సమ్మతము కాదనియు, మనుష్యుని రూపు గల యాభరణమును ధరించుట తమ మతధర్మమునకు విరుద్ధమనియు సాలారుజంగు రెసిడెంటునకు విన్నవించెను. శిలువను అంత జాగ్రత్తగాఁ దొలఁగించిన రూపకర్తలకు రాణిముఖమే యడ్డుతగులునని తోఁపకపోవుట వింతయే! తుదకు నిజాము శ్రేణియందుఁ జేరెను. కాలక్రమమున సాలారుజంగునకును అందలి యున్నతమైన తరగతి లభించెను.

మతముమాట యటుండ, మర్యాదలో నింతకంటె లోఁతైన భేద మొకటి యున్నది. మన దర్బారులలో ప్రభువు కప్పిన ఖిలాతు, అనఁగా గౌరవవస్త్రము, పుచ్చుకొన్నవాని తోషాఖానా యను భాండాగారము చేరి తరతరములు ఆ యింటి ప్రతిష్ఠగా నిలిచెడిది. వినుకొండవారైన గుఱ్ఱము జాషువగారికి వృద్ధకవి చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు స్వహస్తములతో గండపెండేరము తొడిగినపుడు, దానిని మరల నప్పగింపుఁడని యడుగఁబోవువా రెవ్వరు? రాణిగారి నక్షత్రమో, ధరించినవాఁడు గతించినతోడనే వారసులు ప్రభుత్వమునకుఁ దిరిగి యొప్పగింపవలసిన సొమ్ము. ఇచ్చినది గౌరవమా, యెరువా యని సంస్థానములవారు లోలోపల ననుకొనకుండిరా?

1866లో శ్రేణిని మూఁడు తరగతులుగా విస్తరించిన పిమ్మట నక్షత్రము రాజులను దాటి యుద్యోగులను, మంత్రులను జేరెను. 1936లో మద్రాసు గవర్నరు పదవిని తాత్కాలికముగా నిర్వహించిన కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు రెండవ తరగతి పొందిన తెలుఁగువారు. 1948 నూతన సంవత్సరపు జాబితాతో నియామకములు నిలిచిపోయినవి. 1950లో నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 18వ యధికరణముచే బిరుదప్రదానమునే రద్దుచేసినది. శ్రేణి నెవ్వరును రద్దుచేయలేదు. అందలి నైట్లలోఁ గడపటివాఁడైన అల్వారు మహారాజు తేజసింగు 2009లో మరణించెను.