లోపించిన భాగాలు – మిగిలిన విలువ

పాఠ్యాంశ ఉద్దేశం: వెల వేరు, విలువ వేరు. కొన్ని భాగాలు పోయిన పాత వస్తువును ఏ క్రమంలో పరీక్షించి దాని విలువను నిర్ణయించాలో, ఇటలీ దేశపు పందెపు సైకిల్ ఉదాహరణగా వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

కొత్త వస్తువు వెల దాని మీదనే ముద్రించి ఉంటుంది. పాత వస్తువు వెలను మనమే నిర్ణయించుకోవాలి. ఆ పాత వస్తువు అసంపూర్ణమైనది కూడా అయితే ఆ పని మరింత కష్టమవుతుంది. చక్రాలు, గేర్లు, సీటు లేని ఒక పాత సైకిల్‌ను ఊహించండి. పాత ఇనుము వ్యాపారి దానిని తూకం వేసి కొంటాడు. అతని దృష్టిలో అది రెండు మూడు కిలోల ఉక్కు మాత్రమే. సైకిళ్ల చరిత్ర ఎరిగినవాడు అదే చట్రాన్ని చూసి, ఒక కాలపు పనితనానికి సాక్ష్యంగా భావిస్తాడు. ఇద్దరూ చూసింది ఒకే వస్తువును. ఇద్దరికీ మధ్య ఉన్న తేడా జ్ఞానమే.

ఇటలీ సైకిళ్లకు ఇంతటి ఆదరణ ఊరికే రాలేదు. ఎదోఆర్దో బియాంకి 1885లో మిలాన్ నగరంలో తన కార్యశాలను స్థాపించాడు. ఆ సంస్థ సైకిళ్ల మీద పందేలలో పాల్గొన్న ఫౌస్తో కోప్పి, 1949లోను 1952లోను ఇటలీ, ఫ్రాన్సు దేశాల మహా పరిక్రమ పందేలను రెండింటినీ ఒకే ఏడాదిలో గెలిచాడు. చినెల్లి, మాసి, దె రోసా, కొల్నాగో వంటి నిపుణుల కార్యశాలలు కూడా మిలాన్‌లోను, దాని పరిసరాలలోను వెలసినవే. ఎడ్డీ మెర్క్స్ 1972 అక్టోబరు 25న మెక్సికో నగరంలో ఒక గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పినది ఎర్నెస్తో కొల్నాగో తయారు చేసిన సైకిల్ మీదనే. ఈ నిపుణులు ఎక్కువగా మిలాన్‌కే చెందిన కొలంబస్ సంస్థ ఉక్కు గొట్టాలను వాడేవారు. ఆ గొట్టాలు అతుకుల దగ్గర మందంగా, నడుమ పలుచగా ఉంటాయి. బలం అవసరమైన చోట బలం, అవసరం లేని చోట తేలికదనం అన్నది వాటిలోని సూత్రం. గొట్టాల కొనలను లగ్గులనే లోహపు తొడుగులలో కూర్చి, ఇత్తడి లేదా వెండి మిశ్రమాన్ని కరిగించి అతికేవారు.

చట్రం ఒకరిది, భాగాలు మరొకరివి. ఈ విషయాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. తుల్లియో కంపాన్యోలో 1933లో విచెంజా నగరంలో స్థాపించిన సంస్థ గేర్లు, బ్రేకులు, హబ్బులు, క్రాంకులు తయారు చేసింది. ఆ సంస్థ 1967లో విడుదల చేసిన నువోవో రికార్డ్ శ్రేణి భాగాలు ఎన్నో పందెపు సైకిళ్లకు అమరాయి. కనుక ఇటలీ పందెపు సైకిల్ అంటే ఒకే కర్మాగారం నుంచి వచ్చిన వస్తువు కాదు. అది పలువురి పనితనాల కూర్పు. కూర్పు కాబట్టే దాని భాగాలు సులభంగా విడిపోతాయి.

విలువ కట్టేవాడు మొదట తేల్చుకోవలసినది సైకిల్ గుర్తింపు. చట్రం మీద ఉన్న పేరును చూసి నమ్మరాదు. రంగు మళ్లీ వేయవచ్చు, పేరు అంటించవచ్చు. లోహం మీది కొలతలను మార్చడం మాత్రం అంత తేలిక కాదు. పెడల్ క్రాంకుల ఇరుసు తిరిగే అడుగు గొట్టాన్ని పరిశీలించాలి. ఇటలీ పద్ధతిలో దాని వెడల్పు 70 మిల్లీమీటర్లు, మరల వ్యాసం 36 మిల్లీమీటర్లు. మరలు రెండు వైపులా ఒకే దిశలో తిరుగుతాయి. ఇంగ్లండు పద్ధతిలో వెడల్పు 68 మిల్లీమీటర్లు, కుడివైపు మర ఎదురు దిశలో తిరుగుతుంది. ఇక కాలం తెలియాలంటే వెనుక చక్రం కూర్చునే కొనల మధ్య దూరాన్ని కొలవాలి. అయిదు పళ్లచక్రాల కాలంలో అది 120 మిల్లీమీటర్లు. ఆరేడు పళ్లచక్రాల కాలంలో 126. ఏ ఒక్క గుర్తూ సంపూర్ణ నిదర్శనం కాదు. 1980లలో బియాంకి పేరుతో జపాన్‌లో తయారైన సైకిళ్లు కూడా ఉన్నాయి. అన్ని గుర్తులూ ఒకే మాట చెప్పినప్పుడే గుర్తింపు రూఢి అవుతుంది.

రెండవది చట్రం ఆరోగ్యం. ముందుభాగం దేనికైనా బలంగా ఢీకొని ఉంటే, తల గొట్టానికి కొంచెం వెనుక, పై గొట్టం మీదా కింది గొట్టం మీదా చర్మపు ముడతలవంటి ఉబ్బులు ఏర్పడతాయి. అవి కంటికి కనిపించకపోయినా వేలితో తడిమితే తెలుస్తాయి. చట్రం సూటిగా ఉన్నదో లేదో ఒక దారంతో పరీక్షించవచ్చు. వెనుక ఇరుసు కూర్చునే ఒక కొనకు దారం కట్టి, తల గొట్టం చుట్టూ తిప్పి, రెండవ కొనకు బిగించాలి. నడుమనున్న సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా సమానంగా ఉంటే చట్రం సూటిగా ఉన్నట్లు. సీటును మోసే అల్యూమినియం కడ్డీ ఉక్కు గొట్టంలో పట్టుకుపోయి ఉండవచ్చు. దానిని కదిలించి చూడాలి. అతుకుల దగ్గర పగుళ్లను, గొట్టాల లోపలి తుప్పును వెతకాలి. చట్రం చెడితే తక్కినవన్నీ విడిభాగాలు మాత్రమే. పైపైన గీతలు పడి, రంగు వెలసినంత మాత్రాన చట్రం చెడినట్లు కాదు. అసలు రంగు వెలసిపోయి ఉన్నా, కొత్తగా వేసిన మెరిసే రంగు కంటే దానికే ఎక్కువ మన్నన.

మూడవది లోపాల విచారణ. లోపించిన భాగాలన్నీ ఒక స్థాయివి కావు. టైర్లు, బ్రేకు తీగలు, బ్రేకు కట్టెలు, గొలుసు, హ్యాండిల్ చుట్టు పట్టీ మొదటి తరగతివి. ఇవి ఉన్నా ఎలాగూ మార్చవలసినవే. వీటి లోపం పెద్ద లోపం కాదు. గేరు మార్చే సాధనం, క్రాంకులు, బ్రేకులు, హబ్బులు రెండవ తరగతివి. ఇవి వెతికితే దొరుకుతాయి, కాని ఖర్చవుతుంది. వీటిలోనూ కాలం కలవాలి. కంపాన్యోలో గేరు సాధనం మీద 1970ల నుంచి పేటెంటు గుర్తుతోపాటు ఏడాది అంకెలు కనిపిస్తాయి. క్రాంకుల వెనుక 1970లలో చతుర్భుజంలోను, 1980లలో వృత్తంలోను ఏడాదిని సూచించే అంకె ఉంటుంది. ఈ ముద్రలు చదవగలిగినవాడు ఏ భాగం మొదటిదో, ఏది తర్వాత వచ్చి చేరిందో చెప్పగలడు. చట్రంతో కలిసి పుట్టిన ముందు ఫోర్కు, తయారీదారు తన చిహ్నాన్ని చెక్కించిన ప్రత్యేక భాగాలు మూడవ తరగతివి. వీటికి సరిసమానమైనవి దొరకడం దుర్లభం. పైగా ఫోర్కు లేకపోవడం ఒక హెచ్చరిక. ప్రమాదంలో వంగిపోయినందువల్ల దానిని తీసివేసి ఉండవచ్చు. అప్పుడు చట్రం ముందుభాగాన్ని మరొకసారి తడిమి చూడాలి. లేని భాగం కూడా సాక్ష్యం చెబుతుంది.

ఇక లెక్క. అదే తరహా సైకిల్ సంపూర్ణంగా ఉంటే ఎంతకు అమ్ముడుపోయిందో ముందు తెలుసుకోవాలి. అమ్మేవారు అడిగిన ధర ప్రమాణం కాదు, కొన్నవారు చెల్లించిన ధరే ప్రమాణం. ఆ ధరను 100 పాళ్లు అనుకుందాం. చక్రాలకు 20, గేరు సాధనానికి 10, పెడళ్లకు, సీటుకు కలిపి 10, మొత్తం 40 పాళ్లు తీసివేయాలి. తుడిచి, బిగించి, తరుగుడు భాగాలు మార్చడానికి మరొక 10. పైకి కనబడని దోషాలకు ఇంకొక 10. మిగిలేది 40. ఇవి లెక్క తెలియడానికి అనుకున్న అంకెలు మాత్రమే. భాగాలలో సగం ఉన్నాయి కనుక విలువ సగం అనుకోవడం పొరపాటని ఈ లెక్క తెలుపుతుంది. కొరతను పూరించడానికి అయ్యే వ్యయం, ఆ కొరత మన కంటికి కనిపించిన దానికంటె ఎప్పుడూ ఎక్కువే.

ఇక్కడ ఒక ధర్మసందేహం తలెత్తుతుంది. కొన్నిసార్లు భాగాలను విడదీసి అమ్మితే, మొత్తంగా అమ్మినదానికంటె ఎక్కువ సొమ్ము వస్తుంది. లాభమే గమ్యమైతే విడదీయడమే న్యాయమని తోస్తుంది. కాని ఏభై ఏళ్లు కలిసి తిరిగిన భాగాలు ఒకసారి విడిపోతే మళ్లీ ఒకచోట చేరవు. అసంపూర్ణతను పూరించే పద్ధతి మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ అరణ్యపర్వాన్ని సగంలో విడిచాడు. తిక్కన విరాటపర్వం నుంచి తన రచన సాగించాడు. నడుమ మిగిలిన భాగాన్ని ఎర్రన పూరించాడు. తన పేరు చాటుకోక, నన్నయ శైలికి దగ్గరగా మొదలుపెట్టి, కృతిని రాజరాజనరేంద్రునికే చెందేటట్లు నడిపాడు. మొదటివాని కాలానికీ, స్వభావానికీ లోబడి పూరించడమే ఉత్తమమైన పూరణం. 1972 నాటి చట్రానికి 1985 నాటి గేరు అమర్చితే సైకిల్ నడుస్తుంది, కాని కృతి అతకదు.

ఇలా పూరించిన సైకిళ్లకు నేటికీ రహదారి ఉంది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, గయోలే గ్రామం కేంద్రంగా 1997లో లెరోయికా అనే యాత్ర ప్రారంభమైంది. 1987వ సంవత్సరానికి, అంతకు ముందుకు చెందిన పాత పద్ధతి పందెపు సైకిళ్ల మీద అక్కడి మట్టి దారులలో తొక్కుతారు. అందువల్ల పాత సైకిల్ గోడకు వేలాడే అలంకారంగా మిగలక, తిరిగే వాహనంగా నిలిచింది.

చివరి మాట అమ్మేవారిని గురించి. ఇటువంటి సైకిళ్లు తరచుగా వాటిని తొక్కినవారి చేతుల మీదుగా కాక, వారి వారసుల చేతుల మీదుగా బయటికి వస్తాయి. తండ్రి ఎంతో మక్కువతో కొనుక్కున్నదేమిటో కొడుకుకు తెలియకపోవచ్చు. తెలిసినవాడు తెలియనివానితో బేరమాడేటప్పుడు, మౌనం కూడా ఒక విధమైన అసత్యమే అవుతుంది. లోపాలను ఎంత స్పష్టంగా చెప్పి ధర తగ్గించమంటామో, గుణాలను కూడా అంత స్పష్టంగా చెప్పాలి. విలువ కట్టడమంటే వస్తువుకు ధర పలకడం ఒక్కటే కాదు. ఉన్నదానిని ఉన్నట్లుగా, లేనిదానిని లేనట్లుగా ఎదుటివారికి చూపగల నిజాయితీ కూడా అందులో భాగమే.

కఠిన పదాలు – అర్థాలు

పరిక్రమ = చుట్టి రావడం
రూఢి = స్థిరపడినది, నిశ్చయం
మన్నన = ఆదరణ, గౌరవం
దుర్లభం = దొరకడం కష్టమైనది
పూరణం = నింపడం, పూర్తి చేయడం
మక్కువ = ఇష్టం, ప్రేమ

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. అసంపూర్ణమైన పాత సైకిల్ విలువను నిర్ణయించే క్రమాన్ని వివరించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. లోపించిన భాగాలను రచయిత ఎన్ని తరగతులుగా విభజించారు? అవి ఏవి?
2. ఎర్రన ప్రస్తావన ఈ పాఠంలో ఎందుకు వచ్చింది?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఇటలీ పద్ధతిలో అడుగు గొట్టం వెడల్పు ఎంత?
2. ముందు ఫోర్కు లేకపోవడం దేనికి హెచ్చరిక?