విహారనౌకలో వానరోజులు

అమెరికాలో ఉన్న బిడ్డల వద్దకు వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు ఇంటిపట్టున ఉండి తిరిగి రావడం లేదు. సియాటిల్ నుండి అలాస్కా తీరం వెంబడి ఏడు రోజులు సాగే క్రూజ్ విహారానికి పిల్లలు వారిని వెంటబెట్టుకొని వెళుతున్నారు. టికెట్టు కొనేనాడు చూపే చిత్రాలలో నీలాకాశమూ, మంచుకొండలూ ఉంటాయి. వెళ్ళిన తరువాత చాలామందికి ఎదురయ్యేది వాన. ఆ మార్గంలోని కెచికాన్ అనే రేవుపట్టణంలో సాలీనా కురిసే వర్షం 3,500 మిల్లీమీటర్లకు పైమాటే. అది మన హైదరాబాదు వర్షపాతానికి నాలుగింతలు. అక్కడివారు వానను 'ద్రవరూపంలోని ఎండ' అని హాస్యానికి చెప్పుకుంటారట! జూన్, జూలై నెలల్లో సైతం పగటివేడిమి 15 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది.

ఆయుర్వేదం ఒక ఋతువు చివరి ఏడు రోజులను, తరువాతి ఋతువు తొలి ఏడు రోజులను కలిపి ఋతుసంధి అన్నది. ఆ వ్యవధిలో పాత అలవాట్లను క్రమక్రమంగా విడుస్తూ, కొత్తవాటిని మెల్లమెల్లగా అలవరచుకోవాలి. రోహిణికార్తె ఎండల్లో విజయవాడలో బయలుదేరిన మనిషికి ఆ సంధికాలం దక్కదు. ఒక్క రోజులో గ్రీష్మం నుండి చలితో కూడిన వర్షఋతువులోకి దిగుతాడు. అందుచేత పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: అమ్మానాన్నలను ఇల్లు చేరిన మూడోనాడే ఓడ ఎక్కించవద్దు. రెండు వారాలు ఇంట ఉండనివ్వండి. రాత్రీ పగలూ తారుమారైన నిద్ర కూడా ఆలోగా దారిలో పడుతుంది.

చలిలో జఠరాగ్ని ప్రబలుతుంది కదా, బాగా తినవచ్చు కదా అని కొందరు చదువుకున్నవారే నన్ను అడిగారు. హేమంతంలో అది నిజం. అప్పటికి వర్ష, శరత్తులు గడచి దేహం బలం పుంజుకొని ఉంటుంది. గ్రీష్మం చివర బయలుదేరినవానికి ఆ బలం ఎక్కడిది? ఎండకు నీరసించిన అగ్ని మీద తేమ, చలిగాలి వచ్చి పడతాయి. అగ్ని మందగిస్తుంది, వాతం ప్రకోపిస్తుంది. మోకాళ్ళ నొప్పి, కడుపుబ్బరం, మలబద్ధం, నిద్రలేమి ఒకదాని వెంట ఒకటి వస్తాయి. సరిగ్గా అటువంటి సమయంలో ఎదుట పొద్దస్తమానం తెరచి ఉంచిన బఫే!

కొన్నేళ్ళ క్రితం నేనూ అటువంటి నౌకలో ప్రయాణించాను. తోటి ప్రయాణికులలో తెనాలి ప్రాంతపు వృద్ధురాలు ఒకామె ఉండేది. సంవత్సరం పొడుగునా కూడబెట్టి కుమారుడు ఆమెను తీసుకొచ్చాడు. రెండోనాటి నుండి ఆ తల్లి కిటికీ లేని గదిలో ముసుగు తన్ని పడుకున్నది. అతడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "ఒక్కసారి అమ్మను చూడండి. ఇంత దూరం తెచ్చి కష్టపెట్టానేమో" అన్నాడు. నాడి చూశాను. జ్వరం లేదు, ఆయాసం లేదు, మధుమేహమూ లేదు. నాలుక మీద తెల్లని పూత, చల్లబడిన పాదాలు, పూర్తిగా పోయిన ఆకలి. ఐసు వేసిన పండ్లరసాలు, రాత్రివేళ చల్లని పెరుగు, భోజనం కాగానే పగటినిద్ర. ఆమె దినచర్య అదీ.

ఆ పూట భోజనం మానిపించాను. గోరువెచ్చని నీటిలో పావుచెంచా శొంఠిపొడి కలిపి మూడుసార్లు ఇప్పించాను. మరునాటి మధ్యాహ్నానికి ఆమె తానే ఆకలి అన్నది. వంటవారిని అడిగితే వేడి అన్నమూ, పలుచని పప్పూ ఇచ్చారు. అందులో మిరియాలపొడి, కాస్త నెయ్యి. నాలుగోనాడు శాలువ కప్పుకొని డెక్కు మీదకు వచ్చి, తుంపరలోనే మంచునది అంచును చూసింది. "గోడలు చూసి తిరిగిపోతాననుకున్నా నాయనా" అన్నది. కుమారుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

వర్షఋతువు ఆహారంలో పాత బియ్యం, గోధుమ, పెసరకట్టు, కాచిన నీరు ముఖ్యం. ఈదురుగాలితో వాన పడేనాడు పులుపు, ఉప్పు, నెయ్యి కాస్త స్పష్టంగా ఉండవచ్చునని శాస్త్రమే అనుమతించింది. కనుక రక్తపోటు లేనివారు నిమ్మకాయ ఊరగాయ కొద్దిగా వేసుకోవచ్చు. సాధారణంగా ఇంట వండిన పదార్థాలను నౌకలోకి రానివ్వరు. శొంఠి, వాము, మిరియాలు సీలు వేసిన పొట్లాలలో తీసుకువెళ్ళండి. వేడినీరు ఎప్పుడు అడిగినా దొరుకుతుంది.

దీవుల చాటున సాగేటప్పుడు నౌకకు ఊపు తక్కువ. విశాల సముద్రంలోకి వచ్చినప్పుడే వికారం. అప్పుడు నౌక మధ్యభాగంలో, కింది అంతస్తులో కూర్చొని దూరపు దిక్చక్రం వైపు చూడాలి. పుస్తకం చదవకూడదు. అరగంట ముందుగా శొంఠినీరు కొందరికి మేలు చేస్తుంది. కడుపులో పుండు ఉన్నవారు, రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు తమ వైద్యుని అడగకుండా శొంఠి వాడరాదు.

వర్షాకాలంలో ధూపం పట్టిన వస్త్రాలు ధరించమనీ, కాలినడకన తిరగవద్దనీ వాగ్భటుడు చెప్పాడు. నౌకలో అగరువత్తి వెలిగిస్తే గంటలు మోగుతాయి; కెచికాన్‌లో కాలినడక తప్పదు. కాబట్టి పొడిబట్టలతోనూ, మంచి పాదరక్షలతోనూ సరిపెట్టుకోవలసిందే. ఆ ఊరిలో వాగు మీద గుంజలు పాతి కట్టిన చెక్కదారి ఉన్నది. తడిస్తే జారుతుంది. గొడుగు గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు మేలు. రెండు జతల మేజోళ్ళు చేతిసంచిలో ఉంచుకోండి. తడిసిన మేజోళ్ళతో గంటసేపు కూర్చున్న మోకాలు ఆ రాత్రి నిద్రపోనివ్వదు. పడుకునే ముందు అరికాళ్ళకు, మోకాళ్ళకు నువ్వులనూనె పలుచగా పట్టించి మేజోళ్ళు తొడుక్కోవాలి. సర్వాంగ అభ్యంగం మాత్రం నౌకలో వద్దు. ఊగే స్నానాలగదిలో నూనెకాళ్ళతో జారితే విహారం కాస్తా ఆసుపత్రి పాలవుతుంది.

వాన పడుతున్నదని పగలు నిద్రించరాదు. కప్పు ఉన్న డెక్కు మీద భోజనానంతరం నూరడుగులు నడవండి. జూన్ నెలలో జూనో పట్టణం వద్ద పగలు 18 గంటలు ఉంటుంది. సూర్యుడు అస్తమించలేదని మేలుకొని కూర్చోక, పదింటికే తెరలు దించుకోవాలి.

వాన వల్ల అందరూ లోపలే గుమికూడతారు. అప్పుడు నోరోవైరస్ అనే వాంతులు, విరేచనాల అంటువ్యాధి త్వరగా పాకుతుంది. చేతికి రాసుకునే శానిటైజరు దాని మీద అంతగా పనిచేయదు. సబ్బుతో, పారే నీటితో కడుక్కోవడమే మార్గం. వాంతులు ఆగకపోయినా, ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం కనిపించినా శొంఠి, వాములతో కాలయాపన చేయక తక్షణమే నౌకలోని వైద్యుని పిలవాలి. రోజూ వేసుకునే మాత్రలు మాత్రం పెట్టెలో కాక చేతిసంచిలో ఉండాలి, ఎందుకంటే నౌక ఎక్కేరోజు పెద్దపెట్టెలు గది చేరేసరికి సాయంత్రం కావచ్చు.