శ్రోతలు దాచిన నాదము

మనుష్యుని నోటనుండి వెడలిన మాటయు, తంత్రినుండి పుట్టిన స్వరమును మఱుక్షణముననే గాలిలో లయించును. 1877వ సంవత్సరమున ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించువఱకు ఈ నియమమునుండి తప్పించుకొనిన నాదము లేదనియే చెప్పవచ్చును. అటుపిమ్మట ధ్వనిని నిలుపు పనికి రెండు తెగలవారు పూనుకొనిరి. మొదటివారు గ్రామఫోను కంపెనీలవారు. వీరు విద్వాంసులను గదిలో కూర్చుండబెట్టి, కొలిచిన నిమిషములలో పాడించి, ఆ రికార్డులను అమ్మిరి. రెండవవారు సామాన్య శ్రోతలు. వీరు లాభ మాశింపక, కచేరి జరుగుచుండగా తమ యొడిలోని యంత్రముతో దానిని పట్టి యింటికి దెచ్చి దాచుకొనిరి. ఈ వ్యాసము ఆ రెండవవారు దాచిన టేపులను గూర్చినది.

ఇది మన దేశముననే పుట్టిన యలవాటు కాదు. న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ ఆపెరా నాటకశాలలో గ్రంథాలయాధికారియైన లయొనెల్ మేపుల్సన్ అను నతడు ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలోనే మైనపు గొట్టములమీద అచ్చటి గానమును పట్టెను. ధ్వని దూరమున ఎక్కడనో తుపానులో పాడినట్లుండును. అయినను జీన్ డి రెస్కే అను ప్రఖ్యాత గాయకుని కంఠము నేడు వినవలెనన్న ఆ గొట్టములే గతి. 1947, 1948 సంవత్సరములలో డీన్ బెనెడెట్టి అను నమెరికా యువకుడు చార్లీ పార్కర్ అను శాక్సఫోను విద్వాంసుని వెంట దిరిగి వాద్యమును పట్టెను. పార్కర్ వాయించునంతసేపే యంత్రమును నడిపి, తక్కినవారు వాయించునపుడు ఆపివైచెడివాడట! అంతటి భక్తి ఇతరులకు అన్యాయమే గదా. ఆ ముద్రణములు 1990లో గాని లోకమునకు అందలేదు.

తెలుగువారిలో ఇట్టి శ్రోతల యుపకారము మాండలిన్ శ్రీనివాస్ గారి విషయమున స్పష్టముగా గానవచ్చును. ఆయన 1969వ సంవత్సరమున పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించెను. ఆరేండ్ల ప్రాయముననే తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతబట్టెను. చెంబై వైద్యనాథ భాగవతారు గారి శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గారు ఆయనకు గురువు. గురువునకు మాండలిన్ వాయించుట తెలియదు. ఆయన పాడుచుండగా శిష్యుడు విని వాయించెను. 1978లో గుడివాడలో త్యాగరాజారాధనోత్సవమున తొలి కచేరి జరిగెను. పాశ్చాత్య వాద్యమగు మాండలిన్‌కు నాలుగు జంటల తంత్రులుండును; మీటిన స్వరము వెంటనే చచ్చును, గమకము నిలువదు. అందుచేత ఆయన విద్యుత్ మాండలిన్‌ను గైకొని, జంటలను దీసి అయిదు ఒంటి తంత్రులను గట్టించెను. 1983లో బెర్లిను జాజ్ ఉత్సవమున వాయించెను. పిమ్మట జాన్ మెక్‌లాగ్లిన్ అను గిటారు విద్వాంసునితో కలిసి దేశదేశముల వాయించెను. 2014వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన నలువదియైదేండ్లకే పరమపదించెను.

పెద్దవాడైన పిమ్మటి ఆయన వాద్యము కంపెనీల ముద్రణములలో సమృద్ధిగా దొరకును. ఆయనకు కావలసినది కంపెనీకి కావలసినంత నిడివిలో అందు వినబడును. బాల్యమున సభలలో గంటలకొలది వాయించినది వేఱు. అచ్చట ఆలాపన ఎంతసేపు సాగినదో, మృదంగ విద్వాంసుడు బాలుని ఎట్లు ఉసిగొల్పెనో, ఎచ్చట తంత్రి శ్రుతి తప్పగా ఆగి సరిచేసికొనెనో, ముందువరుసలోని పెద్దలు ఎప్పుడు "ఆహా" యనిరో, ఇవి యన్నియు శ్రోత పట్టిన టేపునందే గలవు. కంపెనీల యంత్రములు రాని సభలకు వేఱు సాక్ష్యము లేదు. సువార్తయందు అయిదువేలమంది తృప్తిగా భుజించిన పిమ్మట మిగిలిన ముక్కలను సయితము గంపల కెత్తించిన వృత్తాంతము మన పిల్లలకు దెలిసినదే. ఈ టేపులు అట్టి ముక్కలు.

అయితే ముక్కలు చెడిపోవుచున్నవి. కేసెట్టును ఫిలిప్స్ కంపెనీవారు 1963లో బెర్లినులో మొదట ప్రదర్శించిరి. దానిలోని టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్లకు లోపు, సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడచును. అరువది నిమిషముల కేసెట్టులో సుమారు 86 మీటర్ల టేపు చుట్టబడి యుండును. పలుచని ప్లాస్టికు నాడామీద అయస్కాంత గుణముగల ఇనుప భస్మమును జిగురుతో పూసినదే టేపు. కచేరి మధ్యమున కేసెట్టు త్రిప్పుట కష్టమని శ్రోతలు కొందఱు నూటయిరువది నిమిషముల రకమును కొనిరి. అందలి టేపు అరువది నిమిషముల దానిలో సగము మందమే. ఇది సాగును, చిక్కుపడును. మఱియు ఒక చుట్టునందలి అయస్కాంతశక్తి ప్రక్క చుట్టునకు అంటును. అందుచేత తంత్రి మీటుటకు ముందే ఆ స్వరపు నీడ సన్నగా వినబడును. మన ఓరుగల్లు మే నెల యెండలో ఇనుప బీరువా నడుమ పడియున్న కేసెట్టు గతి యేమని చెప్పవలెను? టేపును యంత్రముఖమునకు ఒత్తిపట్టు చిన్న మెత్త జిగురూడి రాలును; వానకాలమున తెల్లని బూజు పట్టును.

ఇక ఉద్ధరణ విధము. మొదట టేపును శుభ్రమైన యంత్రమున పెట్టి, దాని హెడ్డు వాలును చిన్న మరతో సవరింతురు. పట్టిన యంత్రపు వాలును, వినిపించు యంత్రపు వాలును వెండ్రుకవాసి తేడా పడినను తీగెధ్వనిలోని మెఱపు అణగిపోవును. ఈ పని చెవితో చేయవలసినదే. పిమ్మట ధ్వనిని సెకనుకు 96,000 కొలతలుగా అంకెలలోనికి మార్తురు. ఇందు ఏ మార్పును చేయక ఒక ప్రతిని భద్రపఱతురు. ఎట్టి చికిత్సయైనను రెండవ ప్రతిమీదనే.

తరువాతిది వేగము; ఇది మిక్కిలి రమ్యమైన భాగము. సభలో బ్యాటరీలతో నడచిన యంత్రము బలము తగ్గినకొలది నెమ్మదించును. నెమ్మదిగా పట్టినదానిని సరియైన వేగమున వినిపించినచో పాట పరుగెత్తును, శ్రుతి హెచ్చును. మొదటి కీర్తనయందు ఒక శ్రుతియు, మంగళమునందు మఱొక శ్రుతియు వినబడును! దీనిని కొలుచుట కొక యుపాయము గలదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 మార్లు ఊగును. సభలోని మైకుల గుంయిమను మ్రోతయందు ఆ సంఖ్య దాగియుండును. ఆ మ్రోత 53గా కనబడినచో శ్రుతి ఒక స్వరస్థానము హెచ్చినదని గ్రహింపవచ్చును. కాని ఆ కాలమున మన విద్యుత్తు నిలకడగా నుండక, కొఱత వేళల 50కి దిగువకు తఱచు జాఱుచుండెను. కావున మ్రోతను మాత్రమే నమ్మక, తంబూర శ్రుతితోను, అదే కాలపు నమ్మదగిన ముద్రణములతోను సరిపోల్చవలెను.

కడపటిది రొద తీయుట. వాద్యము లేని ఒక క్షణమందలి బుసను కంప్యూటరునకు చూపి, దానివంటిదానిని అంతటను తగ్గింపుమందురు. ఇచ్చటనే పెక్కుమంది చెడగొట్టుదురు. తంత్రినాదము క్షీణించుచు క్షీణించుచు బుసతో సమానమైన మెత్తదనమునకు దిగును. గమకపు కొనయంతయు ఆ స్థలముననే యుండును. బుసను పూర్తిగా తుడిచినచో ఆ కొనయు తుడుచుకొని పోవును. మిగిలిన నాదము నీటిలో మునిగి మ్రోగినట్లుండును. నా యభిప్రాయమున యంత్రము చేసిన దోషమును దిద్దవలెను గాని, సభను తీసివేయరాదు. వేగదోషము, టక్కుమను చప్పుళ్లు, విద్యుత్తు మ్రోత యంత్రదోషములు. పంకా తిరుగుట, పసిబిడ్డ యేడ్చుట, ఎవరో తాళము వేయుచు తొడమీద చఱచుట సభ. కేసెట్టు త్రిప్పునపుడు పోయిన భాగమును వేఱొక శ్రోత టేపునుండి తెచ్చి యతికించుట గలదు. అట్లు చేసినచో ఆ సంగతి వ్రాసి చూపవలెను. అది దాచుట వినువారిని మోసగించుటయే.

విద్వాంసుని యనుమతి లేక పట్టుట న్యాయమా యని తలిదండ్రులు కొందఱడుగవచ్చును. ప్రశ్న సమంజసమైనది. 1957 నాటి మన కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు హక్కునిచ్చినది. తన సొంత వినికిడికిని, బోధనకును పరిశోధనకును పట్టుకొనుటను ఆ చట్టమే మన్నించుచున్నది. అమ్ముటయు, పదిమందికి పంచుటయు వేఱు మాట. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అను రాక్ బృందమువారు 1984లో టేపు పట్టువారికి సభలో ప్రత్యేకస్థలమునే యేర్పఱచిరి. అట్టి అనుమతి లేనిచోట విద్వాంసుని కుటుంబము నడిగి, వారికొక ప్రతిని ముందుగా నిచ్చి, పిమ్మటనే ప్రచురించుట మర్యాద.

హనుమకొండ, కాజీపేట, వరంగల్లు గృహములలో మాండలిన్ టేపులు ఉండకపోవచ్చును. ఒగ్గుకథలును, చర్చిలో పాడిన కీర్తనలును, తాతగారి ప్రార్థనయు నున్న కేసెట్లు మాత్రము పెట్టెలలో నింకను గలవు. వానిని పాతసామానువాని కమ్మకుడు. ముందుగా కేసెట్టు వెనుక అంచునందలి రెండు చిన్న ప్లాస్టికు పలుకులను విఱిచివేయుడు. అటుపై పొరపాటునను దానిమీద మఱొకటి ఎక్కదు. యంత్రపు హెడ్డును స్పిరిటులో తడిపిన దూదితో తుడిచి ఆఱనిండు. బూజు పట్టినదానిని ఆడింపక, తెలిసినవారికి చూపుడు. టేపును ఒక్కమాఱు కొసవఱకు చుట్టి, మరల వెనుకకు చుట్టి, అప్పుడు వినుడు. ఎవరి కంఠమో, ఏ యూరిలోనో, ఏ సంవత్సరమో ఇంటి పెద్దల నడిగి తెలిసికొని, వారు జ్ఞాపకము చెప్పగలిగి యుండగనే పెన్సిలుతో అట్టమీద వ్రాయుడు.