సింథసైజర్ శ్రుతి జారితే పట్టుకునేదెవరు?

ఉక్కపోతలో పాత తరహా అనలాగ్ సింథసైజర్ వాయిస్తున్నారనుకోండి. కాసేపటికి శ్రుతి జారవచ్చు.

ఎందుకు?
స్వరాన్ని పుట్టించే ఆసిలేటర్‌లోని ట్రాన్సిస్టర్ల తీరు వేడికి మారుతుంది. సెకనుకు 440 కంపనాలు రావలసిన చోట 443 వచ్చాయనుకుందాం. పక్కనే మరో వాద్యం 440లో మోగుతుంటే, ధ్వని సెకనుకు 3 సార్లు ఊగుతుంది.

ఎలా సరిదిద్దాలి?
కోలాటం గుర్తుందా? అడుగు వెనకబడితే గురువును చూసి త్వరపడతాం, ముందుకెళితే తగ్గుతాం. ఫేజ్ లాక్డ్ లూప్ అనే సర్క్యూట్ చేసేదీ అదే. అందులో మూడు భాగాలుంటాయి. మొదటిది గురువు లాంటి ప్రామాణిక తరంగాన్నీ ఆసిలేటర్ తరంగాన్నీ పోల్చి తేడాను పట్టుకుంటుంది. రెండోది ఫిల్టర్, ఆ తేడాను నునుపైన వోల్టేజీగా మారుస్తుంది. మూడోది ఆసిలేటర్, ఆ వోల్టేజీని బట్టి వేగం సర్దుకుంటుంది.

ఇంకో చమత్కారం ఉంది. ఆసిలేటర్ తరంగాన్ని 3తో భాగించి పోలిస్తే, 440కి జోడీ కుదరాలని అది 1320కి పరుగెడుతుంది. కొత్త స్వరం సిద్ధం!

1932లో ఫ్రెంచ్ ఇంజనీరు ఆన్రీ ద బెల్లెసీజ్ ఫేజ్ లాక్డ్ లూప్ ఊహను రేడియో కోసం వివరించారు. ఇప్పుడు 4046 అనే చిన్న చిప్‌లోనే పోల్చే భాగం, ఆసిలేటర్ దొరుకుతాయి; ఫిల్టర్‌ను బయట కలుపుకోవాలి. ఫిల్టర్‌ను నెమ్మదిగా పనిచేయిస్తే స్వరం తడబడుతూ, జారుతూ గురువును చేరుతుంది. ఆ తడబాటే కొందరు సంగీతకారులకు ఇష్టం!