డౌన్‌లోడ్ 99 శాతం దగ్గర ఎందుకు ఆగుతుంది? ఏ టూల్ నమ్మాలి, ఏది తీసేయాలి?

"అన్నా, ఒక మంచి డౌన్‌లోడర్ యాప్ చెప్పు" అని చాలామంది అడుగుతున్నారు. యాప్ పేరు చెప్పేసి వెళ్లిపోవడం అర నిమిషం పని. కానీ ఈరోజు పనిచేసే యాప్ ఆరు నెలల తర్వాత పనిచేయకపోవచ్చు. అప్పుడు మళ్లీ గూగుల్‌లో వెతుకుతారు, మొదట కనపడిన పచ్చ బటన్ నొక్కుతారు, అసలు కథ అక్కడ మొదలవుతుంది. అందుకే ఈరోజు లోపల ఏం జరుగుతుందో కూడా చెప్తా. కొంచెం ఓపిగ్గా వినండి.

ముందు ఒక లెక్క. మనలో చాలామందికి రోజుకు ఒకటిన్నర జీబీ, రెండు జీబీ డేటా. అది అయిపోతే స్పీడ్ 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు, గంటకు సుమారు 29 ఎంబీ. 300 ఎంబీ ఫైల్ ఆ స్పీడ్‌లో దిగాలంటే పది గంటలు దాటుతుంది. అనంతపురం టౌన్‌లో ఉన్నవాళ్లకు ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. కానీ ఉరవకొండ అవతలో, కళ్యాణదుర్గం పక్క పల్లెలోనో ఉండి, మిద్దెక్కితేనే సిగ్నల్ వచ్చేవాళ్లకు, సగంలో తెగిన డౌన్‌లోడ్ అంటే ఆ రోజు డేటా మొత్తం మట్టిలో పోసినట్టే.

సరే, విషయానికొద్దాం. డౌన్‌లోడ్ అని మనం ఒకే మాట అంటాం గానీ అవి రెండు రకాలు. ఒకటి మామూలు ఫైల్: పీడీఎఫ్, హాల్ టికెట్, జిప్. సర్వర్‌లో ఒక ఫైల్ ఉంటుంది, మీ ఫోన్ దాన్ని మొదటి బైట్ నుంచి చివరి బైట్ వరకు తెచ్చుకుంటుంది. సర్వర్ ఒప్పుకుంటే మధ్యలో తెగినా "నాకు 40 ఎంబీ వచ్చేసింది, అక్కడి నుంచి ఇవ్వు" అని అడగొచ్చు. మనం రెజ్యూమ్ అనేది అదే. సర్వర్ ఒప్పుకోకపోతే ఎంత గొప్ప యాప్ వాడినా మళ్లీ సున్నా నుంచే.

రెండోది స్ట్రీమింగ్ వీడియో. ఇక్కడ ఫైల్ అంటూ ఒకటి ఉండదు. వీడియోను చిన్న చిన్న ముక్కలుగా పంపిస్తారు. యూట్యూబ్‌లో అయితే ఎక్కువ క్వాలిటీ వీడియోలకు బొమ్మ వేరు, సౌండ్ వేరు. మీ ప్లేయర్ రెండిటినీ ఒకేసారి తెచ్చి కలిపి చూపిస్తుంది. "1080పీలో దించా అన్నా, సౌండ్ రావట్లేదు" అని అడిగేవాళ్లందరికీ జవాబు ఇదే. మీ టూల్ బొమ్మ ఒక్కటే తెచ్చింది. రెండూ కలపాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఇంకో ఉచిత సాఫ్ట్‌వేర్ కావాలి. మంచి యాప్‌లు దాన్ని లోపలే పెట్టుకుంటాయి.

ఇప్పుడు టైటిల్‌లోని ప్రశ్న. 99 శాతం దగ్గర చాలాసార్లు జరిగేది ఈ కలిపే పనే. బొమ్మ ఫైల్ ఉంది, సౌండ్ ఫైల్ ఉంది, రెండూ కలిపిన మూడో ఫైల్ కొత్తగా రాయాలి. అంటే ఒక జీబీ వీడియోకు ఫోన్‌లో దాదాపు రెండు జీబీ ఖాళీ ఉండాలి. లేకపోతే అక్కడే బిగుసుకుపోతుంది. కలిపిన తర్వాత పాత ముక్కల్ని అదే తీసేస్తుంది. కాబట్టి నెట్‌వర్క్‌ను తిట్టుకునే ముందు స్టోరేజ్ చూడండి.

ఈ వీడియో టూల్స్ అన్నిటికీ తాత లాంటిది యూట్యూబ్-డీఎల్. 2006లో రికార్డో గార్సియా అనే ఆయన మొదలుపెట్టాడు. స్లో ఇంటర్నెట్‌లో వీడియోలు చూడలేక రాసుకున్న చిన్న ప్రోగ్రామ్. 2020 అక్టోబరు 23న అమెరికా మ్యూజిక్ కంపెనీల సంఘం ఆర్ఐఏఏ నోటీసు పంపితే గిట్‌హబ్ దాన్ని తీసేసింది. టూల్ సరిగ్గా పనిచేస్తుందా అని చూసే టెస్టుల్లో కాపీరైట్ ఉన్న పాటల లింకులు ఉన్నాయి అన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. ఈఎఫ్ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ లాయర్లు రంగంలోకి దిగారు, నవంబరు 16న గిట్‌హబ్ మళ్లీ పెట్టేసింది. పైగా ఇలాంటి డెవలపర్ల కోసం పది లక్షల డాలర్ల నిధి కూడా ప్రకటించింది.

తర్వాత యూట్యూబ్-డీఎల్ అప్‌డేట్లు తగ్గిపోయాయి. దాని కోడ్ తీసుకుని 2021లో వేరే వాళ్లు వైటీ-డీఎల్‌పీ మొదలుపెట్టారు. ఇప్పుడు జనం వాడేది ఇదే. ఫోన్‌లో కనపడే సీల్, వైటీడీఎల్‌నిస్ లాంటి యాప్‌లు దీనికి వేసిన పై చొక్కాలు, లోపల ఇంజిన్ అదే. యూట్యూబ్ వాళ్లు తమ ప్లేయర్ జావాస్క్రిప్ట్ మార్చినప్పుడల్లా ఈ ఇంజిన్ ఆగిపోతుంది, రెండు మూడు రోజుల్లో ఎవరో సరిచేస్తారు. 2025 నవంబరు నుంచి పరిస్థితి ఇంకొంచెం ముదిరింది, యూట్యూబ్ పూర్తిగా పనిచేయాలంటే డెనో లాంటి జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్ కూడా పక్కన ఉండాలి. కంప్యూటర్‌లో వాడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. ఎర్రర్ ఏదైనా సరే, మొదటి మందు అప్‌డేట్. పది ఎర్రర్లలో ఏడెనిమిది దానితోనే పోతాయి, నా అనుభవం ఇది.

ఇక ఈ టూల్స్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఇక్కడ కొంచెం సీరియస్‌గా మాట్లాడతా. యూట్యూబ్ నుంచి దించే యాప్‌లను ప్లే స్టోర్‌లో ఉండనివ్వరు. కాబట్టి బయటి నుంచి ఏపీకే తెచ్చుకోవాలి. బయట అంటే రెండు నమ్మకమైన చోట్లు: ఒకటి ఎఫ్-డ్రాయిడ్, అక్కడ ఓపెన్ సోర్స్ యాప్‌లు మాత్రమే ఉంటాయి. రెండోది ఆ ప్రాజెక్ట్ గిట్‌హబ్ పేజీ. న్యూపైప్, టర్మక్స్, సీల్ ఇవన్నీ అలానే తెచ్చుకోవాలి. అదే పేరుతో గూగుల్‌లో పైన వచ్చే "అఫీషియల్" సైట్లు చాలావరకు అఫీషియల్ కావు. పేజీలో నాలుగు డౌన్‌లోడ్ బటన్లు కనపడితే మూడు ప్రకటనలే.

అసలు సైట్ తెరుచుకోకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. 2022 ఫిబ్రవరి నుంచి వీఎల్‌సీ ప్లేయర్ అసలు వెబ్‌సైట్ ఇండియాలో బ్లాక్ అయింది. కారణం ఏంటో తయారుచేసే వీడియోలాన్ వాళ్లకే చెప్పలేదు. అక్టోబరులో ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో వాళ్లు లీగల్ నోటీసు పంపితే నవంబరులో బ్లాక్ తీసేశారు. ఆ తొమ్మిది నెలలు వీఎల్‌సీ అని వెతికినవాళ్లు ఏయే సైట్లలో నొక్కి ఉంటారో ఊహించుకోండి.

పేరున్న యాప్ అయితే పర్లేదా? అదీ కాదు. 2019లో అప్‌స్ట్రీమ్ అనే మొబైల్ సెక్యూరిటీ కంపెనీ విడ్‌మేట్ మీద, స్నాప్‌ట్యూబ్ మీద రిపోర్టులు ఇచ్చింది. యూజర్‌కు కనపడకుండా లోపల ప్రకటనలు నొక్కడం, తెలీకుండా డబ్బు కట్టే సర్వీసుల్లో చేర్చే ప్రయత్నాలు, వీటితో డేటా, బ్యాటరీ తినేయడం. స్నాప్‌ట్యూబ్ వాళ్లు అది మేం పెట్టుకున్న బయటి కంపెనీ కోడ్ వల్ల జరిగింది అన్నారు. ఎవరి వల్ల జరిగితేనేం, పోయింది మీ డేటా కదా.

ఒక్క పరీక్ష చెప్తా. ఇన్‌స్టాల్ చేయగానే యాప్ ఏ పర్మిషన్ అడుగుతుందో చూడండి. స్టోరేజ్ అడిగితే సరే, నోటిఫికేషన్ అడిగితే సరే. వీడియో దించే యాప్‌కు మీ ఎస్ఎంఎస్‌తో ఏం పని? యాక్సెసిబిలిటీతో ఏం పని? కాంటాక్ట్స్‌తో ఏం పని? అడిగిందంటే ఆ నిమిషంలోనే తీసేయండి. ఎస్ఎంఎస్ అంటే ఓటీపీ. మన ఇళ్లలో ఫోన్ ఒకరిది, అకౌంట్ ఇంకొకరిది. మీ చేతిలో ఉన్న నంబరే నాన్న బ్యాంకు అకౌంట్‌కు లింక్ అయి ఉంటుంది. పీఎం కిసాన్ రెండు వేలు పడినా, శెనక్కాయలు అమ్మిన డబ్బు పడినా మెసేజ్ వచ్చేది ఆ ఫోన్‌కే. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, పెళ్లి పత్రిక పేరుతో వాట్సాప్‌లో తిరిగే ఏపీకేలు చేసేదీ ఇదే పని, ఓటీపీ చదవడం. పొరపాటున ఇన్‌స్టాల్ అయి డబ్బు కదిలితే, ముందు నెట్ ఆపేయండి, వేరే ఫోన్ నుంచి 1930కి కాల్ చేయండి, తర్వాత బ్యాంకుకు. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

చట్టం సంగతి కూడా ఒక మాట. యూట్యూబ్ నిబంధనల ప్రకారం వాళ్లు డౌన్‌లోడ్ బటన్ ఇచ్చినవి, లేదా హక్కుదారు అనుమతి ఉన్నవే దించాలి. మీరు అప్‌లోడ్ చేసిన వీడియోను యూట్యూబ్ స్టూడియోలోనే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువగా అడిగే ఎన్పీటెల్ పాఠాలకు వాళ్ల సొంత సైట్‌లోనే డౌన్‌లోడ్ లింకులు ఉంటాయి, ఏ టూలూ అక్కర్లేదు. కొత్త సినిమా ఎలా దించాలి అని మాత్రం నన్ను అడగొద్దు. ఐబొమ్మ కథ తెలుసు కదా, 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు దాన్ని నడిపిన మనిషిని అరెస్ట్ చేశారు. అలాంటి సైట్ల నిండా బెట్టింగ్ యాప్‌ల ప్రకటనలే.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. డౌన్‌లోడ్ టూల్ అంటే వీడియోలే గుర్తొస్తాయి గానీ, తెలుగువాళ్లు టూల్స్ కోసం నిజంగా తంటాలు పడింది పుస్తకాల కోసం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అని ఉండేది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో పనిచేసిన రాజ్ రెడ్డి గారు, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినాయన, 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్నాయన, ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్ట్‌లో ఇది భారతదేశం వాటా. వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. కానీ చదవాలంటే ఒక్కో పేజీ ఒక్కో టిఫ్ బొమ్మ. దాన్ని బ్రౌజర్‌లో చూడ్డానికి వేరే ప్లగిన్. పుస్తకం మొత్తానికి పీడీఎఫ్ బటన్ లేదు. మూడొందల పేజీల పుస్తకం అంటే మూడొందల నొక్కుళ్లు! పేజీల ఫైళ్ల పేర్లు మాత్రం 00000001, 00000002 అని వరసగా ఉండేవి. అది గమనించి కొందరు పుస్తకప్రియులు చిన్న డౌన్‌లోడర్లు రాసుకున్నారు. వరసగా పేజీలు తెచ్చి పీడీఎఫ్‌గా కుట్టేసేవి.

2017 ప్రాంతంలో ఆ సైట్ మూతపడింది. పుస్తకాలు మాత్రం అంతకుముందే కార్ల్ మాలముడ్ అనే అమెరికా ఆయన పబ్లిక్ రిసోర్స్ సంస్థ ద్వారా ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చాడు. ఇప్పటికీ అక్కడ ఆ పుస్తకాల ఐడీలో "డీఎల్ఐ 2015" అని కనపడుతుంది, అది చూసి గుర్తుపట్టొచ్చు. చిక్కేంటంటే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పుల తడకగా ఎక్కించారు. తెలుగులో వెతికితే దొరకనిది ఇంగ్లీషు స్పెల్లింగ్ నాలుగు రకాలుగా మార్చి వెతికితే దొరుకుతుంది. రచయిత పేరుతో వెతికి, భాష తెలుగు అని ఫిల్టర్ పెట్టండి.

మన జిల్లా గురించి 1905లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజెటీర్, సీపీ బ్రౌన్ నిఘంటువు లాంటి పాత పుస్తకాలు కాపీరైట్ గడువు దాటిపోయినవి, నిశ్చింతగా దించుకోవచ్చు. గెజెటీర్‌లో కరువుల అధ్యాయం ఒకసారి చదవండి, మన తాతల తాతల సంగతి తెలుస్తుంది. ఆర్కైవ్ ఒక్కోసారి మనకు చాలా స్లో. అలాంటప్పుడు పీడీఎఫ్ బదులు అదే పేజీలో ఉండే టొరెంట్ ఆప్షన్ నొక్కి, లిబ్రేటొరెంట్ లాంటి యాప్‌లో తెరవండి. సిగ్నల్ వందసార్లు తెగినా వచ్చిన ముక్క పోదు, వచ్చిన ప్రతి ముక్కనూ అది సరిచూసుకుంటుంది. టొరెంట్ అంటే దొంగ సినిమా అని కాదు, అదొక పద్ధతి అంతే. కావలసిన పుస్తకం కనపడినప్పుడే దించుకోండి. 2024 అక్టోబరులో ఆర్కైవ్ మీద సైబర్ దాడి జరిగి సైట్ కొన్ని రోజులు పూర్తిగా ఆగిపోయింది.

ఇక ఎర్రర్లు గబగబా చెప్తా. 404 అంటే ఫైల్ అక్కడ లేదు. 403 అంటే లింక్ గడువు తీరింది లేదా టూల్ పాతది. మళ్లీ అసలు పేజీకి వెళ్లి కొత్త లింక్ తీసుకోండి, రాత్రి కాపీ చేసిన లింక్ పొద్దున పనిచేయకపోవచ్చు. 429 అంటే "చాలాసార్లు అడిగారు, ఆగండి" అని. మీరు ఒక్కసారే అడిగి ఉండొచ్చు, కానీ మొబైల్ నెట్‌వర్క్‌లో చాలామంది ఒకే ఐపీ అడ్రస్ పంచుకుంటారు, వాళ్ల లెక్క కూడా మీ ఖాతాలో పడుతుంది. ఏరోప్లేన్ మోడ్ వేసి తీసి, కాసేపు ఆగి చూడండి. 20 ఎంబీ పీడీఎఫ్ 12 కేబీకే అయిపోయిందంటే వచ్చింది పీడీఎఫ్ కాదు, ఎర్రర్ పేజీ. స్క్రీన్ ఆపగానే డౌన్‌లోడ్ ఆగుతోందంటే బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కు అన్‌రిస్ట్రిక్టెడ్ ఇవ్వండి.

తెలుగువాళ్లకే ఎక్కువగా వచ్చే ఎర్రర్ ఒకటుంది, "ఫైల్ నేమ్ టూ లాంగ్". ఆండ్రాయిడ్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లీషు అక్షరం ఒక బైట్. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, గుణింతం వేరు, పొల్లు వేరు, వత్తు వేరు. "క్ష్మి" అని మనం ఒక అక్షరం అనుకుంటాం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. అంటే 85 గుర్తులకే గీత దాటిపోతుంది. యూట్యూబ్ టైటిల్ వంద గుర్తుల దాకా ఉండొచ్చు కదా, అందుకే పొడుగు తెలుగు టైటిల్ ఉన్న వీడియో దిగదు, పక్కనున్న ఇంగ్లీషు టైటిల్ వీడియో దిగుతుంది. యాప్ తప్పు కాదు, నెట్ తప్పు కాదు. సెట్టింగుల్లో ఫైల్ పేరు టైటిల్‌కు బదులు వీడియో ఐడీ అని మార్చండి, దిగిన తర్వాత మీకు నచ్చిన పేరు పెట్టుకోండి. వైటీ-డీఎల్‌పీలో పేరును ఇన్ని బైట్లకు కత్తిరించు అని చెప్పే ఆప్షన్ కూడా ఉంది, కమాండ్ స్క్రీన్ మీద చూపిస్తున్నా, పాజ్ చేసి రాసుకోండి.

చివరిది మెమరీ కార్డ్. పెద్ద ఫైల్ సరిగ్గా 4 జీబీ దగ్గర ఆగిందంటే మీ కార్డ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది. అందులో 4 జీబీ కంటే పెద్ద ఫైల్ పట్టదు, 128 జీబీ కార్డ్ అయినా సరే. లోపల ఉన్నవన్నీ వేరే చోట కాపీ చేసుకుని కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి. కాపీ చేసుకోకుండా ఫార్మాట్ నొక్కి, అమ్మానాన్నల ఫొటోలు పోయాయని నా దగ్గరికి రావద్దు అప్పా. వచ్చే వారం పోయిన ఫొటోలు వెనక్కి తెచ్చుకోవడం గురించే మాట్లాడుకుందాం. ఉంటా మరి.