గ్రంథపాలకురాలి అపరాధ పరిశోధన

అపరాధ పరిశోధక నవల అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది వృత్తి పరిశోధకుడు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ అటువంటివాడు. నేరస్థుణ్ణి పట్టుకోవడమే అతని వృత్తి, సహాయకుడు రాజు అతని వెంటే ఉంటాడు. ఆంగ్ల సాహిత్యంలో ఇందుకు భిన్నమైన ఒక శాఖ వేళ్ళూనుకొన్నది. దానిని ‘కోజీ మిస్టరీ’ అంటారు. ‘కోజీ’ అంటే వెచ్చగా, సుఖంగా ఉన్నదని అర్థం. హత్యకు, వెచ్చదనానికి పొత్తు ఎట్లా కుదిరిందని ఆశ్చర్యం కలగవచ్చు. ఈ నవలల్లో హత్య సాధారణంగా తెర వెనుకనే జరుగుతుంది. రక్తపాతాన్ని విస్తరించి వర్ణించరు. కథ ఒక చిన్న ఊరిలో, ఒకరినొకరు ఎరిగిన మనుషుల నడుమ సాగుతుంది. నేరాన్ని ఛేదించే వ్యక్తి పోలీసు కాదు. వంటలు చేసే ఆమెయో, తోటమాలియో, బడిపంతులో, గ్రంథపాలకురాలో అయి ఉంటుంది.

ఈ శాఖకు మూలపురుషులను వెదికితే అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ అనే వృద్ధురాలు కనిపిస్తుంది. ఆమె తొలిసారి 1927లో ఒక కథలో ప్రవేశించింది. ఆ కథలో కొందరు మిత్రులు మంగళవారం రాత్రుల్లో ఒకచోట చేరి, తమకు తెలిసిన చిక్కుముడులను చెప్పుకొని, వాటిని విప్పడానికి ప్రయత్నిస్తారు. 1930లో ఆమె తొలి నవల వెలువడింది. నేరాలను గురించి ముచ్చటించుకొనే మిత్రబృందం అనే కల్పన ఆనాటి నుండి ఈ సాహిత్యంలో నిలిచిపోయింది. ఆ కల్పననే తీసుకొని, దాని వెనుక దాగిన ప్రమాదాన్ని బయటపెట్టిన నవల ‘రియల్ మర్డర్స్’. దీనిని అమెరికన్ రచయిత్రి షార్లేన్ హారిస్ 1990లో ప్రకటించారు. ‘నిజమైన హత్యలు’ అని ఆ పేరుకు అర్థం.

ఈ నవలలో కథానాయిక ఆరోరా టీగార్డెన్. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి చేరువలో, లారెన్స్‌టన్ అనే కల్పిత పట్టణంలో ఆమె గ్రంథపాలకురాలు. వయసులో ఉన్నది, పొట్టిగా ఉంటుంది, కళ్ళద్దాలు పెట్టుకొంటుంది. ఊరివారికి ఆమె పుస్తకాలిచ్చే అమ్మాయి మాత్రమే. ఆమెకు ఒక వింత అభిరుచి ఉన్నది. పూర్వం జరిగిన ప్రసిద్ధ హత్యలను గురించి చదవడం, చర్చించడం ఆమెకు ఇష్టం. అటువంటి అభిరుచి కలవారే ఒక సంఘంగా ఏర్పడి నెలకొకసారి సమావేశమవుతారు. ఒక్కొక్క నెల ఒక్కొక్కరు ఒక పాత నేరాన్ని గురించి ప్రసంగిస్తారు. ఆరోరా వంతు వచ్చిన రాత్రి ఆమె ఎంచుకొన్నది ఇంగ్లండులో జరిగిన వాలెస్ కేసు. ఆమె ప్రసంగం మొదలుకాకముందే సంఘసభ్యురాలు మేమీ రైట్ ఆ భవనంలోనే హత్యకు గురై కనిపిస్తుంది. చంపిన తీరు, శవాన్ని ఉంచిన తీరు, అన్నీ వాలెస్ కేసును పోలి ఉంటాయి.

వాలెస్ కేసు కల్పన కాదు. లివర్‌పూల్ నగరంలో విలియం హెర్బర్ట్ వాలెస్ అనే బీమా ఏజెంటు ఉండేవాడు. 1931 జనవరి 19న అతడు సభ్యుడుగా ఉన్న చదరంగపు క్లబ్బుకు ఎవరో ఫోను చేసి, తన పేరు క్వాల్‌ట్రో అని, మరునాటి రాత్రి ఏడున్నరకు మెన్‌లవ్ గార్డెన్స్ ఈస్ట్‌లోని తన ఇంటికి రమ్మని కబురు పెట్టారు. మరునాడు వాలెస్ ట్రాములు మారి వెళ్ళాడు. ఆ ప్రాంతంలో మెన్‌లవ్ గార్డెన్స్ పేరుతో ఉత్తర, దక్షిణ, పశ్చిమ వీధులు ఉన్నాయి. తూర్పు వీధి మాత్రం లేదు. వెదికి వెదికి ఇంటికి తిరిగి వచ్చేసరికి భార్య జూలియా హత్యకు గురై ఉన్నది. భర్తే ఆ ఫోను చేసి, సాక్ష్యం కోసం ఊరంతా తిరిగాడని పోలీసులు వాదించారు. జ్యూరీ అతనిని దోషిగా తేల్చింది, న్యాయమూర్తి మరణశిక్ష విధించాడు. అయితే అదే సంవత్సరం మే నెలలో అప్పీలు న్యాయస్థానం, ఆ తీర్పును సాక్ష్యం సమర్థించడం లేదని శిక్షను రద్దుచేసింది. వాలెస్ 1933లో మరణించాడు. హంతకుడెవరో తేలనే లేదు.

తేలకపోవడమే ఈ కేసుకు ఆకర్షణ అయినది. ఎందరో రచయితలు దానిని చదరంగపు సమస్యలా అటూ ఇటూ తిప్పి చూశారు. ఫోను ఎవరు చేశారు, ట్రాము ఎన్ని నిమిషాలకు వచ్చింది, పాలు పోసే కుర్రవాడు జూలియాను ఏ వేళకు చూశాడు, ఇవే చర్చలు. చనిపోయిన స్త్రీని గురించి పట్టించుకొన్నవారు తక్కువ. ఆమె వయసు యాభై దాటినదని ఆనాటి లోకం అనుకొన్నది. చాలా ఏళ్ళ తరువాత జనన నమోదులను వెదికినవారికి ఆమె అప్పటికి డెబ్బైకి చేరువైనదని తెలిసింది. డెబ్బై ఏళ్ళపాటు ఊరూరా చర్చకు వచ్చిన హత్యలో, హతురాలి వయసైనా సరిగా తెలియలేదన్నమాట!

హారిస్ నవలకు ప్రాణం ఇక్కడే ఉన్నది. ఆరోరా, ఆమె మిత్రులు జూలియా వాలెస్‌ను ఒక పేరుగా, ఒక ప్రశ్నపత్రంలోని సమస్యగా మాత్రమే ఎరుగుదురు. మేమీ రైట్ అట్లా కాదు. ఆమె గొంతు వారికి తెలుసు, ఆమె కూర్చునే కుర్చీ తెలుసు. తమకు వినోదమైనది తమ ఎదుటనే శవమై పడి ఉన్నప్పుడు వారికి కలిగిన దిగ్భ్రాంతిలో భయంతో పాటు సిగ్గు కూడా ఉన్నది. తరువాత జరిగే నేరాలు కూడా పాత నేరాలకు నకళ్ళే. ఆ నేరాలన్నీ క్షుణ్ణంగా తెలిసినవారు ఆ ఊరిలో ఈ సంఘంవారే. కాబట్టి ప్రతి సభ్యుడూ అనుమానితుడే, ప్రతి సభ్యుడూ తరువాతి బలి కావచ్చు. వినోదం కోసం హత్యాకథ చదివే పాఠకుడు కూడా ఆ సంఘంలో ఒక సభ్యుడేనని రచయిత్రి నోరు విప్పి చెప్పరు, చెప్పనక్కరలేదు.

పరిశోధన బాధ్యతను గ్రంథపాలకురాలికి అప్పగించడంలో ఔచిత్యం ఉన్నది. గ్రంథాలయానికి వచ్చిన పాఠకుడు నోటితో అడిగేది ఒకటి, అతనికి నిజంగా కావలసినది మరొకటి కావడం తరచు జరిగేదే. చట్టం పుస్తకం కావాలని వచ్చినవానికి అక్కర ఇంటి అద్దె తగాదా కావచ్చు. నాలుగు ప్రశ్నలు నొప్పించకుండా వేసి, అసలు అవసరాన్ని రాబట్టడం గ్రంథపాలకుల విద్యలో భాగం. పరిశోధకుడు సాక్షుల దగ్గర చేసేది కూడా ఇదే. ఇక వర్గీకరణ సంగతి. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో నేరశాస్త్రం 364వ సంఖ్య కిందికి వస్తుంది. నిజంగా జరిగిన హత్యల పుస్తకాలు అక్కడ చేరతాయి. కల్పిత హత్యల నవలలను అమెరికా ప్రజా గ్రంథాలయాలు ఎక్కువగా వేరొక వరుసలో, రచయితల పేర్ల క్రమంలో పెడతాయి. ఈ నవలలోని హంతకుడు మొదటి అలమరలోని పుస్తకాన్ని వీధిలోకి తెచ్చాడు. దేనికి ఏది నకలో పోల్చగలిగినది, రెండు అలమరలూ చదివిన ఆరోరా.

పాఠకుని కాలాన్ని ఆదా చేయాలి అనేది గ్రంథాలయశాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో మద్రాసు నుండి ప్రకటించిన పంచసూత్రాలలో నాలుగవది. ఆ పని చక్కగా చేయాలంటే ఎవరు ఏమి చదువుతారో గ్రంథపాలకులకు తెలిసి ఉండాలి. ఇంత తెలిసిన మనిషి తెలిసినదంతా చెప్పవచ్చునా? అమెరికా గ్రంథాలయ సంఘం 1939లో ఆమోదించిన నీతినియమావళి, పాఠకుల ద్వారా తెలిసిన స్వవిషయాలను గోప్యంగా ఉంచడం గ్రంథపాలకుల విధి అని చెప్పింది. ఇది కాగితం మీది మాట కాదు. 2005లో కనెక్టికట్ రాష్ట్రంలో గ్రంథాలయ వినియోగ వివరాలు ఇమ్మని కేంద్ర దర్యాప్తు సంస్థ ఆదేశించినప్పుడు, నలుగురు గ్రంథాలయ నిర్వాహకులు నిరాకరించి న్యాయస్థానానికి వెళ్ళారు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఆ ఆదేశాన్ని వెనుకకు తీసుకొన్నది. గ్రంథపాలకురాలు పరిశోధకురాలైన నవలలన్నింటికీ ఈ ఇరకాటం ఉన్నది. నోరు విప్పితే వృత్తిధర్మం చెడుతుంది, విప్పకపోతే మరొక ప్రాణం పోవచ్చు.

‘రియల్ మర్డర్స్’ లోపాలు లేని నవల కాదు. ఒక పోలీసు అధికారి, ఒక రచయిత ఇద్దరూ ఆరోరా మీద అభిమానం పెంచుకోవడం కథను కొంత పక్కదారి పట్టిస్తుంది. ఊరిలోని మనుషులను చిత్రించడంలో మాత్రం హారిస్ నేర్పు మెచ్చదగినది. మర్యాదల వెనుక దాగిన అసూయను, ఒంటరితనాన్ని ఆమె ఒకటి రెండు మాటలలో పట్టుకొంటారు. ఈ నవల 1990 సంవత్సరపు ఉత్తమ నవలగా అగాథా పురస్కారానికి పరిశీలనలో నిలిచింది. ఆరోరా కథలు ఆ తరువాత పది నవలల మాలికగా 2017 వరకు వెలువడ్డాయి; 2015 నుండి వాటి ఆధారంగా అమెరికాలో టెలివిజన్ చిత్రాలు కూడా వచ్చాయి.

మాలికలో రెండవ నవల 1992లో వచ్చింది. సంఘంలోని సభ్యురాలైన జేన్ ఎంగల్ అనే వృద్ధురాలు చనిపోతూ తన ఇంటిని, ధనాన్ని ఆరోరాకు రాసి ఇస్తుంది. ఆ ఇంట్లో కిటికీ పక్కన కూర్చునే బల్ల లోపల ఆరోరాకు ఒక పుర్రె దొరుకుతుంది. అది ఎవరిది, జేన్ దానిని ఎందుకు దాచింది, ఎవరి నుండి దాచింది? పోలీసులకు చెబితే మరణించిన స్నేహితురాలి పేరుకు మచ్చ వస్తుంది. ఆరోరా వెంటనే చెప్పదు. పుర్రెను తిరిగి దాచి, ముందుగా ఆ వీధిలోని ఇరుగుపొరుగువారిని ఒక్కొక్కరినే పలకరించడానికి బయలుదేరుతుంది.